హాయి పడవ

మా తమ్ముడు ఓడల పనిలో ఉండాడని చెప్తే మా పక్క ఎవరైనా ముందు నవ్వుతారు. బాగేపల్లి తాలూకాలో ఓడ చూసినోళ్ళు ఎంతమందుంటారు? మా పుట్టిల్లు గూళూరు పక్క. బోరు వేస్తాంటే నీళ్ళు పడతాయో, వట్టి దుమ్మే లేస్తాదో అని ఊరంతా చేతులు కట్టుకొని నిలబడి చూసే సీమ అది. అట్లాంటి చోట పుట్టినోడు, సముద్రం మీద శ్రీమంతులు విహారం పోయేదానికి కట్టించుకొనే ఓడకి బొమ్మలు గీసినాడు. చిన్నా చితకా ఓడ కాదు. మూడంతస్తుల మిద్దె నీళ్ళ మీద తేలినట్లుంటాదంట.

ఆ ఓడ కత చెప్పల్లంటే ముందు ఒక మాట సంగతి చెప్పల్ల.

మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో చదివేది కన్నడం. నేను మూడో క్లాసుతో నిలిచిపోయినా, తమ్ముడు చింతామణిలో డిప్లొమో దాకా పోయినాడు. పాలూ పేడా, తిండీ తిట్లూ అన్నీ మాకు తెలుగులోనే వస్తాయి. పుస్తకంలో ఉండే వస్తువులు మాత్రం కన్నడంలో వస్తాయి. ఓడలూ సముద్రాలూ పుస్తకంలోవే కదా మాకి. కన్నడంలో 'హాయి' అంటే, గాలి పట్టేదానికి ఓడ మీద కంబానికి కట్టే పెద్ద గుడ్డ. తెలుగులో హాయి అంటే ఏమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

వాడు బెంగళూరు ఆఫీసులో చేరిన కొత్తల్లో ఒక ఆదివారం ఊరికొచ్చినాడు. నేనూ మా అత్తగారూరు మండికల్ నుంచి బిడ్డనెత్తుకొని పోయినా. అమ్మ వానికి సంగటి ముద్ద పెడతా అడిగింది.

"ఏం పనప్పా నీకు ఆడ?"

"పరదేశంలో ఒక ఓడ కడతాండారమ్మా. దాని డ్రాయింగులు మా ఆఫీసులో గీస్తారు."

"ఏం ఓడ? సరుకులు మోసేదా?"

"సరుకులది కాదు. హాయి పడవ."

"హాయి పడవంటే?"

"శ్రీమంతులు తిరిగేదమ్మా. లోపల పడక గదులు, పరుపులు, ఈదేదానికి తొట్టి, అన్నీ ఉంటాయి."

"అయితే హాయిగానే ఉంటాది పో" అని అమ్మ ఇంకొంచెం పులుసు పోసింది.

అంతే. వాడు ఒక హాయి చెప్పినాడు, అమ్మ ఇంకొక హాయి విన్నాది. వానికి తెలీలేదు, ఆమెకీ తెలీలేదు. వాడు కావాలని దాచింది లేదు, ఈమె వినకుండా పోయింది లేదు. ఆ పొద్దునించి ఊరంతా అమ్మ ఒకటే చెప్పుకొనేది: "మావాడు హాయి పడవ చేస్తాండాడు. దాంట్లో పండుకొంటే లేసేదే లేదంట." పక్కింటి పెద్దమ్మ నోరు ఊరుకోదు. "వాళ్ళకి హాయి చేసేది సరేలేమ్మా, నీకు నడుం నొప్పి కదా, ముందు నీకొక నులక మంచం బిగించమను నీ కొడుకుని" అనేది. అమ్మకి కోపమొచ్చేది, మళ్ళా నవ్వొచ్చేది.

నాకి మాత్రం వాడు ఆ ఓడని ముగ్గుపిండితో వేసి చూపించినాడు. మా ఇంటికి వచ్చినప్పుడు, పొద్దున్నే నేను పాలు డైరీకి పోసి వచ్చి వాకిట్లో నీళ్ళు చల్లినా. వాడు ముగ్గు చిప్ప లాక్కొని కూర్చొన్నాడు. బీరకాయ మాదిరి సన్నగా పొడుగ్గా ఒక గీత గీసినాడు. దాని మీద మూడు కంబాలు నిలబెట్టినాడు.

"ఇదక్కా. ఈ కంబాల కడుపులో గుడ్డ చుట్టి ఉంటాది. బటను నొక్కితే బయటికొస్తాది."

"అంగడి షట్టరు మాదిరా?"

"అదే. కాకపోతే పైనించి కిందికి కాదు, అడ్డంగా. తాళ్ళు లాగే పని లేదు, మనుషులు ఎగబాకే పని లేదు. గాలి యాపక్కనించి తోల్తే ఆపక్కకి కంబమే తిరుగుతాది."

"మరి ఇంజను?"

"ఉండాది. గాలి వట్టి సాయమే. గాలి తోలేటప్పుడు ఇంజను తగ్గిస్తారు. బాగా తోల్తే ఆపేస్తారు."

నాకి అర్థమయ్యింది. మడక కట్టేటప్పుడు బలమైన ఎద్దుకి తోడెద్దుని కడతారు చూడు, అట్లా. ఆ మాట చెప్తే వాడు తలూపినాడు. అయితే ఆ గుడ్డకే హాయి అని పేరని నాకీ తట్టలేదు. వాడు నాతో గుడ్డ అనే చెప్పినాడు. హాయి పడవంటే ఆ ఓడకి పెట్టిన ముద్దు పేరు అనుకొన్నా.

ఓడంతా వాడు గీసింది కాదు. చానామంది చానా దేశాల్లో గీసినారు. వానిది కంబం పాదం పని. ఆ కంబం ఊరికే పైన పరిచిన చెక్కల మీద నిలబడదంట. పై అంతస్తునించి కింది అంతస్తుకి, అక్కడనించి ఓడ అడుగున ఉండే వెన్నెముక దాకా దిగుతాదంట. ప్రతి అంతస్తులోనూ దానికి ఒక బొక్క. ఆ బొక్కలో కంబం తిరగల్ల, తిరగతానే బరువు మొయ్యల్ల, నీటి చుక్క లోపలికి దిగకూడదు.

"కవ్వం మాదిరి అను" అంటిని నేను.

వాడు ముగ్గుపిండి చేత్తోనే నా భుజం తట్టినాడు. "అక్కా, ఇంత సులభంగా మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు." ఆ పైన ఎప్పుడు అడిగినా, "కవ్వం పని ఎంతవరకొచ్చిందిరా?" అనే అడుగుతాంటి.

ఆ పని అంత సులభంగా తెగలేదు. ఓడ కట్టించేది ఒక ముసిలాయన. చిన్నప్పుడు ఆయనకి ఒక చిన్న పడవ ఉండెనంట, గుడ్డ కట్టుకొని పోయేది. దుడ్డు సంపాదించినాక పెద్ద పెద్ద ఓడలు కొన్నాడు కానీ, ఇంజను చప్పుడుకి ఆయనకి మనసు కుదిరేది కాదంట. మూడంతస్తులూ కావల్ల, గాలికీ పోవల్ల అని పట్టు పట్టినాడు. ముందు రెండు కంబాలు వేసి చూసినారు, చాల్లేదు. మూడు వేస్తే నడిమి కంబం సరిగ్గా భోజనాల హాల్లో దిగింది. ఆయన పెండ్లాం ఒప్పలేదు. తినేదానికి కూర్చొంటే మొగానికి ఎదురుగా కంబమా అనింది. కంబం కొంచెం వెనక్కి జరిపితే ఓడ బరువు ఒక పక్కకి పోయింది. మళ్ళా అంతా చెరిపి మొదటినించి గీసినారు. కడాకి కంబం చుట్టూ గుండ్రంగా బల్ల వేసి ఆయమ్మని ఒప్పించినారు.

ఈ కత విని అమ్మ, "శ్రీమంతురాలైనా ఏం లాభం? మన నడిమింట్లో కంబానికి వీపు ఆనించి తింటే ఎంత హాయిగా ఉంటాదో ఆయమ్మకి తెలీలేదు" అనింది. వాడు హాయి అనే మాట వినబడగానే తలెత్తి చూసి, మళ్ళా తింటా ఉండిపోయినాడు. ఆ పొద్దే తేలిపోవాల్సింది. తేలలేదు.

ఈ గీసేదీ చెరిపేదీ ముగిసేలోపల వానికి పెండ్లయ్యింది. నాకి రెండో బిడ్డ పుట్టింది. నాయన ఒక బోరు ఎండిపోతే ఇంకొక బోరు వేయించినాడు. ఆ ఓడ మా ఇంట్లో ఒక మనిషి మాదిరి అయిపోయింది. వాడు ఊరికొస్తే కుశలం అడిగినట్లు దాన్నీ అడిగేవాళ్ళం.

వానికి ఆ ఓడ దగ్గర కావాల్సింది ఒక్కటే. అదేమో చెప్పల్లంటే వాని చిన్నతనం చెప్పల్ల.

మా చేలో మోటారు ఆడేటప్పుడు ఒకరి మాట ఒకరికి వినబడదు. ఉన్నట్లుండి కరెంటు పోతాది. నాయన కరెంటోళ్ళ వంశాన్నంతా ఎత్తి తిట్టేవాడు. మడికి నీళ్ళు సగంలో నిలిచిపోతే ఎవరు తిట్టరు? మా తమ్ముడు మాత్రం చెయ్యెత్తి, "ఉష్, ఉండండి" అనేవాడు. మోటారు నిలిచిపోయినాక కొంచెం సేపు చెవులు గుయ్యిమంటాయి. తర్వాత మెల్లగా గాలి వినబడతాది. రాగి చేను మీద తోలే గాలి. "విన్నావా అక్కా? ఇంతసేపూ ఉండాది. మోటారు విననీలేదు" అనేవాడు. నాయన వాని వీపు మీద ఒక్కటేసి, "మడి ఎండతాంటే వీనికి పాట వినబడతాదంట" అనేవాడు.

ఆ ఓడ సముద్రంలోకి పోయి, గుడ్డలన్నీ విప్పి, ఇంజను ఆపేసే గడియలో తన కంబం కింద నిలబడల్ల అని వాని ఆశ. "ఇంజను నిలిచిపోయి గాలి అందుకొంటాది చూడక్కా, ఆ సందులో నేను ఆడ ఉండల్ల." ఇంకేమీ అడగలేదు వాడు. ఆఫీసులో పెద్ద పదవి అడగలేదు, పేరు అడగలేదు.

ఆ గడియ వచ్చింది. ఓడని సముద్రంలో పరీక్ష చేసేదానికి, వాని ఆఫీసునించి ఒక్కర్ని పంపిస్తామన్నారు. వాన్నే పొమ్మన్నారు. వాడు ఆ కబురు చెప్పేదానికి ఊరికొచ్చేటప్పటికి ఇంట్లో పెద్ద ద్యావర మాట నడస్తాండాది.

ద్యావరంటే మా వంశమోళ్ళంతా కలిసి కులదేవుడికి చేసేది. ఏటేటా వచ్చేది కాదు. చానా ఏండ్లకొకసారి, అన్నదమ్ములందరికీ కుదిరినప్పుడు చేస్తారు. ఆడోళ్ళు బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసే తంబిట్టు దీపాలు తలమీద పెట్టుకొని పోతారు, ఆ దేవుడి ముందర బిడ్డలకి చెవులు కుట్టిస్తారు. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవల్ల. నా చిన్న బిడ్డకి చెవులు కుట్టాల్సింది. దానికి ఉండేది ఈ ఒక్క మేనమామే. ద్యావరా, ఓడ పరీక్షా ఒకే వారంలో పడినాయి.

నేను చెప్పినా. "నువ్వు పో అప్పా. మా చిన్నాయన కొడుకు ఒడిలో కూర్చోబెడతాం, వాడూ మేనమామ వరసే కదా."

నాయన ఒప్పలేదు. అరిచింది లేదు, కోప్పడింది లేదు. వాని పక్కన కూర్చొని మెల్లగా చెప్పినాడు.

"ఇది మళ్ళా ఎన్నాళ్ళకొస్తాదో. అప్పటికి నేనుంటానో లేదో. నువ్వు చెప్పే హాయి యాడికి పోతాదప్పా? ఓడ ఉన్నన్నాళ్ళూ దాంట్లో హాయి ఉండేదే కదా. ఇంకొకసారి పోయి చూసుకొందువు."

పరుపులూ పడక గదులూ యాడికి పోతాయి అని నాయన లెక్క. గాలి గుడ్డలు యాడికి పోతాయి అని అడుగుతాండాడని తమ్ముడు అనుకొన్నాడు. ఆలోచించినాడు. "అదీ నిజమేలే నాయనా. కంబాలేమన్నా వంకాయలా, చెడిపోయేదానికి? ఓడ ఎట్లాగూ రిపేరుకి ఒడ్డుకి వస్తానే ఉంటాది. అప్పుడు పోతా" అన్నాడు. నవ్వుతానే అన్నాడు. మనసులో ఏమన్నా ఉండెనేమో, మొగంలో మాత్రం కనబడలేదు. అమ్మ వాని తల నిమిరింది. వాడే ఒప్పుకొన్నాక నేనేమి చెప్పేది?

ద్యావర బాగా జరిగింది. బిడ్డ వాని ఒడిలో కూర్చొని ఊరంతా వినబడేటట్లు ఏడ్చింది. వాని చొక్కా గుండీ తెంపింది. గాలికి శామియానా బుస్సుమని ఉబ్బతాంటే, బిడ్డని ఎత్తుకొనే వాడు తలెత్తి దాన్నే చూస్తా ఉన్నాడు. "రేయ్, బిడ్డకి బెల్లం పెట్టరా, యాడ చూస్తాండావు?" అని పెద్దమ్మ గదమాయించింది.

వానికి బదులు పోయిన స్నేహితుడు వారం కడచినాక వచ్చినాడు. ఫోటోలు లేవు, వీడియో లేదు. ఓడాయన ఫోన్లన్నీ ముందే పెట్టెలో పెట్టించుకొన్నాడంట. శ్రీమంతుల ఓడల్లో అది మామూలేనంట. ఆ పిల్లోడు మాటతోనే చెప్పినాడు. ఇంజను ఆపేసినాక ఏమైందిరా అని అడిగితే, "ఏమీ కాలేదు. అదే అందరూ చూస్తా ఉండిపోయినారు. ముసిలాయన కంబం మీద అరచెయ్యి పెట్టుకొని ఏడ్చినాడు" అని చెప్పినాడంట. తమ్ముడు నాకి ఇది చెప్పి, "ఏ కంబంరా అంటే వానికి గుర్తు లేదక్కా" అన్నాడు.

ఒక రిపేరుకి పోదామనుకొన్నాడు, అప్పుడు వాని పెండ్లానికి కాన్పు. ఇంకొక తూరి పాస్‌పోర్టు పని కచేరిలో నిలిచిపోయింది. ఇంతలో ముసిలాయన పోయినాడు. ఆయన కొడుకులకి ఓడ అక్కరలేదు, అమ్మేసినారు. కొన్నాయనకి గాలి మీద ప్రేమ లేదు. గుడ్డలు విప్పితే ఓడ ఒక పక్కకి ఒరుగుతాది కదా, గ్లాసులు జారతాయి, చుట్టాలకి వాంతులొస్తాయి అన్నాడంట. ఈత తొట్టి మీద నీడ పడతాదన్నాడంట. హెలికాప్టరు దిగేదానికి కంబాలు అడ్డమన్నాడంట. మూడింటినీ తీసేయమన్నాడు.

తీసేస్తే బొక్కలు మిగుల్తాయి కదా. అంతస్తు అంతస్తుకీ బొక్క. వాటికి మూతలు వేసే డ్రాయింగులు మళ్ళా ఆ ఆఫీసుకే వచ్చినాయి. ఆ పాదం సంగతి బాగా తెలిసినోడు ఎవరని చూసి, వీనికే ఇచ్చినారు. కవ్వం నిలబెట్టిన చేత్తోనే వాడు ఆ బొక్కలు మూసినాడు. భోజనాల హాల్లో గుండ్రటి బల్ల మాత్రం ఉంచుకొన్నారంట. నడిమిలో ఒక పూల కుండ పెట్టినారంట.

ఆ పని ముగించి వాడు ఊరికొచ్చినాడు. నేనూ ఆ పొద్దు పుట్టింట్లోనే ఉన్నా. నడిమింట్లో కంబానికి ఆనుకొని నాయన చెనిక్కాయలు వలస్తాండాడు. అమ్మ ఎప్పటి మాదిరే అడిగింది.

"మీ ఓడ ఎట్లుండాదప్పా?"

"హాయి తీసేసినారమ్మా."

అమ్మ చేతిలో చాట కింద పెట్టింది. "అయ్యో, పరుపులూ సోఫాలూ అన్నీనా? అట్లయితే దాంట్లో ఎవరు పోతారప్పా?"

"పరుపులెందుకు తీస్తారమ్మా? అవన్నీ ఉండాయి. ఇంగా కొత్తవి వేసినారు. హాయి తీసేసినారు అంటాండా."

"పరుపులుంటే హాయి ఉన్నట్లే కదరా."

వాడు అమ్మ మొగం చూసినాడు. నేనూ చూసినా. తర్వాత వాడు లేచి, దండెం మీద ఆరేసిన నాయన పంచె తీసుకొని, రెండు చేతుల్తో ఎత్తి పట్టుకొని వాకిట్లో నిలబడినాడు. గాలికి పంచె ఉబ్బింది. "ఇదమ్మా హాయి. కన్నడంలో దీన్ని హాయి అంటారు. గాలి పట్టే గుడ్డ. నేను చేసింది ఇదే. పరుపులు కాదు."

నాయన వలిచేది నిలిపేసినాడు.

"ఇన్నేండ్లూ నువ్వు చెప్పింది ఆ గుడ్డ గురించా?" అమ్మ అడిగింది.

"ఊ."

"ఆ మాట తెలుగులో చెప్పకూడదా అప్పా?"

"తెలుగులో దాన్ని ఏమంటారో నాకి తెలీదమ్మా."

మాలో ఎవరికి తెల్సు? పెద్దమ్మని అడిగినా తెలీదు. అంగట్లో అడిగినా తెలీదు. ఆ మాటతో అక్కర మాకి ఎన్నడూ పడలేదు. చానా దినాలకి, తిరుపతినించి వచ్చిన ఒక చుట్టం చెప్తే తెలిసింది, తెరచాప అంటారని. ఎంత మంచి మాట. తెర మాకి తెల్సు, చాప తెల్సు, రెండూ మా ఇంట్లోనే ఉండాయి. ఆ మాట ఒక్కటి వాని నోట్లో ఉండింటే నాయన, "చాప యాడికి పోతాది" అని ఉండడు. గాలికి కట్టింది ఎన్నాళ్ళుంటాదో చేన్లు చేసేవాళ్ళకి ఒకరు చెప్పాల్నా? పోయి చూసి రా అని తానే బస్సెక్కించి ఉండును. నేను ఇప్పటికీ అట్లే అనుకొంటా.

ఆ పొద్దు నాయన లేచి వచ్చినాడు. పంచె వాని చేతిలోనించి తీసుకొని, మడిచి, భుజాన వేసుకొని చేను పక్కకి పోయినాడు. కొంచెం సేపుకి తమ్ముడు కూడా పోయినాడు. నేను కాఫీ చెంబు తీసుకొని వెనకాలే పోయినా.

మోటారు ఆడతాండాది. నాయన గట్టు మీద పార పట్టుకొని మడవలు కడతాండాడు. తమ్ముడు పంపు దగ్గర నిలబడినాడు. ఆ చప్పుడులో మాట్లాడినా వినబడదు. సగం మళ్ళు తడిసినాయి, సగం తడవలేదు. అప్పుడు కరెంటు పోయింది.

మోటారు గర్రుమని నిలిచిపోయింది. కాలవలో నీళ్ళు మెల్లగా సన్నబడినాయి. నేను నాయన నోరు తెరుస్తాడని చూస్తాండా, కరెంటోళ్ళ తాతలనించి మొదలుపెడతాడు కదా అని. తమ్ముడు ఈసారి చెయ్యి ఎత్తలేదు. తల వంచుకొని ఉండాడు.

నాయన పార కింద పెట్టినాడు. తడి చేతిని పైకెత్తి, నా పక్క చూసి, "ఉష్" అన్నాడు.

రాగి చేను మీద గాలి తోల్తాండాది. ముగ్గురం నిలబడి విన్నాం.